రాజద్రోహి ఎవరు?



ఆ మధ్య వేసవి సెలవుల్లో సత్యోపదేశం పిల్లల్ని సంగారెడ్డి పాత జైలు చూపించడానికి తీసుకువెళ్లాను. 1796లో కట్టిన జైలు అది. 2016లో దానిని మ్యూజియంగా మార్చి, 500 రూపాయలు కట్టినవారికి ఒక రోజు ఖైదీ జీవితం రుచి చూపించే ఏర్పాటు కూడా చేశారు. డబ్బిచ్చి మరీ జైలుకు పోవడమేమిటని పిల్లలు ఒకటే నవ్వు. ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి ఒకడు మాత్రం ఊచలు పట్టుకుని, "ఫాదర్, రాజుకు ఎదురు చెప్పినా దొంగతనం చేసినా ఒకటేనా? ఇద్దరినీ జైల్లోనే ఎందుకు పెడతారు?" అని అడిగాడు. బస్సు ఎక్కేదాకా నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వారం పాఠం ఆ అబ్బాయికి నేను పడిన బాకీ.

మన ప్రాంతంతోనే మొదలుపెడదాం. 1930 మార్చిలో ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది మన జోగిపేటలోనే. సురవరం ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు. అప్పటి మాటలు చదువు, భాష, సంఘ సంస్కరణ గురించి. కొన్నేళ్లకు హైదరాబాదు రాజ్యంలో ఇంకో మాట వినిపించసాగింది. దాని పేరు బాధ్యతాయుత ప్రభుత్వం. రాజు రాజుగానే ఉండవచ్చు గాని, మంత్రులు ప్రజలు ఎన్నుకున్న సభకు జవాబు చెప్పాలని దాని అర్థం. ఈ మాట అడగడానికి 1938లో స్టేట్ కాంగ్రెస్ ఏర్పడబోతుంటే, పుట్టకముందే నిజాం ప్రభుత్వం దానిని నిషేధించింది. ఆ ఏడాదే వందేమాతరం పాడారని విద్యార్థులను వెళ్లగొట్టారు. అలా వెళ్లిపోయినవారిలో ఒకరైన పి.వి. నరసింహారావుగారు 1991లో దేశ ప్రధాని అయ్యారు. ఎవరు ద్రోహి, ఎవరు దేశభక్తుడు అనే లెక్క ఒక్క జీవితకాలంలోనే ఎలా తారుమారవుతుందో చూడండి.

1947 వచ్చేసరికి ఈ మాట మరీ చవకైపోయింది. అక్టోబరు 27 తెల్లవారుజామున రజాకార్లు నిజాం సొంత ప్రధాని ఛత్తారీ నవాబు ఇంటిని చుట్టుముట్టారు. భారత ప్రభుత్వంతో ఒప్పందం కోసం ఢిల్లీకి బయలుదేరబోతున్న ప్రతినిధి వర్గాన్ని కదలనివ్వలేదు. రాజు పంపిస్తున్న మనుషులే రాజ్యానికి ద్రోహులైపోయారు! ఛత్తారీ రాజీనామా చేశారు. రాజభక్తి పేరు చెప్పుకున్నవారే రాజు చేతులు కట్టేశారు.

ఇక షోయబుల్లా ఖాన్. ఈ పేరు మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఉస్మానియాలో చదివిన ముస్లిం యువకుడు. 1947 నవంబరులో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక ప్రారంభించాడు. రజాకార్ల దౌర్జన్యాన్ని ఖండిస్తూ, ప్రజల ప్రభుత్వం రావాలని, హైదరాబాదు భారత యూనియన్‌లో చేరాలని రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని కాచిగూడ ప్రాంతంలో ఇంటికి నడిచి వెళుతుండగా దాడి చేసి, రాసిన చేతిని నరికి, చంపారు. వెంట ఉన్న బావమరిది కూడా తీవ్రంగా గాయపడ్డాడు. షోయబ్ వయసు అప్పటికి 27 ఏళ్లు. పరాయివాడు రాసి ఉంటే శత్రువు అనేవారు. మనవాడు రాశాడు కనుక ద్రోహి అన్నారు. శత్రువు కన్నా ద్రోహిపై కసి ఎప్పుడూ ఎక్కువ.

ఆ తర్వాత నెల తిరగకుండానే, సెప్టెంబరు 17న నిజాం సైన్యం లొంగిపోయింది. కథ అక్కడ ఆపేస్తే మనకు హాయిగా ఉంటుంది గాని సత్యం కాదు. ద్రోహి ముద్ర అవతలి పక్షానికి మారింది. రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం కుటుంబాలు పల్లెల్లో ఊచకోతకు గురయ్యాయి. విచారణకు వచ్చిన సుందర్‌లాల్ కమిటీ మృతులు 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను ఎన్నో దశాబ్దాలు బయటపెట్టలేదు.

ఇంగ్లండులో రాజుకు, పార్లమెంటుకు పోరు ముదిరినప్పుడు జరిగింది కూడా ఇదే. అక్కడి 1352 నాటి చట్టం ప్రకారం రాజద్రోహం ప్రధానంగా రాజుపట్ల చేసే నేరం. 1641లో పార్లమెంటు రాజుగారి ఆంతరంగికుడు స్ట్రాఫర్డ్‌పై ఆ నేరమే మోపింది. ఆయన రాజు చెప్పినట్టే చేశాడు కదా, మరి రాజద్రోహం ఎలా అయింది? కోర్టులో నిలవలేదు. అందుకని ఆయన ఒక్కడి కోసమే ఒక శాసనం చేసి, రాజుతోనే సంతకం పెట్టించి తల తీయించారు. మరుసటి ఏడాది జనవరిలో రాజు మొదటి చార్లెస్ అయిదుగురు సభ్యులను అదే నేరం కింద పట్టుకోవడానికి స్వయంగా సభలోకి వచ్చాడు. వారు అప్పటికే తప్పుకున్నారు. ఏడేళ్లు గడిచాక, 1649లో రాజునే రాజద్రోహిగా విచారించి చంపారు. మాట ఒక్కటే, పట్టుకున్న చెయ్యి మారింది.

అంతకు వందేళ్ల ముందు రాజు, పార్లమెంటు ఒక్కటైనప్పుడు ఏమైందో పునీత తోమాస్ మోర్ చరిత్ర చెబుతుంది. 1534 చట్టం నోటిమాటను కూడా రాజద్రోహం చేసింది. ఆయన నోరు విప్పలేదు. చివరికి ఒక్క సాక్షి మాటపై 1535లో ప్రాణం తీశారు.

గురువిద్యాలయంలో మాకు తత్వశాస్త్రం చెప్పిన పెద్దాయన ఏ నేరం పేరు వినిపించినా, "ఎవరికి? ఏ మాట తప్పాడు?" అని అడగమనేవారు. నమ్మకం ఇచ్చినచోటే ద్రోహం ఉంటుంది. ప్రజల మేలు విడిచి తన మేలు చూసుకునే పాలకుడే అసలు కలహకారకుడని, అతన్ని ఎదిరించడాన్ని రాజద్రోహం అనరాదని పునీత తోమాస్ అక్వినాసు వాదించారు. అయితే ఎదిరించడం వల్ల అంతకన్నా ఎక్కువ కీడు జరిగేటట్టయితే తగదని కూడా ఆయనే హెచ్చరించారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు వేరు, వాసాలు పుచ్చాయని చెప్పేవాడు వేరు.

ప్రభువును పిలాతు ముందుకు తెచ్చినవారు చేసిన ఫిర్యాదులు లూకా సువార్త 23వ అధ్యాయంలో చూడండి: జనాన్ని చెడగొడుతున్నాడని, పన్ను కట్టవద్దంటున్నాడని, తానే రాజునంటున్నాడని. పన్ను విషయంలో ఆయన చెప్పింది దానికి సరిగ్గా విరుద్ధమని 20వ అధ్యాయం చదివితే తెలుస్తుంది. పిలాతు తటపటాయించగానే, నీవు చక్రవర్తికి మిత్రుడవు కావన్న బెదిరింపు న్యాయాధిపతికే తగిలింది. యోహాను 19వ అధ్యాయంలో అది ఉంది. అక్కడితో అతని ధైర్యం జారిపోయింది.

జారిపోయింది అతనిదొక్కడిదే కాదు. పటాన్‌చెరు వైపు ఒక కర్మాగారంలో పనిచేసే మన విచారణ సోదరుడు ఒకరు, కార్మిక సంఘం సభలో సంక్షేమ నిధి లెక్కలు అడిగారు. "ఇతను యాజమాన్యం మనిషి, ద్రోహి" అని వేదికపై నుంచి అన్నారట. మరునాటి నుంచి క్యాంటీనులో అతని బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. అతని భార్య నా దగ్గరకు వచ్చి ఏడ్చింది. నేనేం చెప్పాను? "కొన్నాళ్లు ఊరుకోమను తల్లీ, గొడవెందుకు" అన్నాను. ఎవరికి, ఏ మాట తప్పాడని నేను అడగలేదు. లెక్కలు అడగడం తప్పు కాదని సంఘం పెద్దలతో ఒక్క మాట అనలేదు. వారి అనుమతితోనే ఇది రాస్తున్నాను.

నాలుగు నెలలకు లెక్కలు నోటీసు బోర్డుపైకి వచ్చాయి. అన్న మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. గత ఆదివారం పూజ తర్వాత ఆయన కనిపిస్తే, ఆ రోజు నేనిచ్చిన సలహాకు క్షమించమన్నాను. "ఫరవాలేదు ఫాదర్, ఇప్పుడు ఇద్దరు పక్కన కూర్చుంటున్నారు" అన్నాడు.