తొలి రోడ్డు సైకిలు: పరిమిత ధనంతో ఎంపిక

నడకకు మించిన దూరం, బస్సుకు కుదరని వేళ, ఈ రెండింటి నడుమ చిక్కుకొన్న విద్యార్థికి సైకిలు విలాసవస్తువు కాదు. పాఠ్యపుస్తకం వంటి అవసరం. చంద్రశేఖరపురం మండలంలోని పల్లెలనుండి గాని, మార్కాపురం, గిద్దలూరు పరిసర గ్రామాలనుండి గాని చదువుకై బయలుదేరువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఆ సైకిలు వెనుక తండ్రి కూలిడబ్బు, తల్లి పాలడబ్బు ఉంటాయి. ఒకసారి తప్పుగా కొన్నచో రెండవసారి కొనుటకు వీలుండదు. గోడకు చేరవేసిన సైకిలు వెనుక మధ్యలో ఆగిన చదువు ఉండుట అరుదు కాదు. కావున కొనుటకు ముందు ఏమేమి చూడవలెనో ఒక పాఠంవలె వివరింపదలచినాము.

అంగడిలో కనిపించు సైకిళ్ళను స్థూలంగా మూడు తరగతులుగా విభజింపవచ్చును. మొదటిది, మన తాతల కాలంనుండి వాడుకలో ఉన్న స్టాండర్డు సైకిలు: ఉక్కు ఫ్రేము, పెద్ద చక్రాలు, కడ్డీ బ్రేకులు, వెనుక క్యారియరు. రెండవది, వంపు హ్యాండిలు, సన్నని టైర్లు, గేర్లు గల రేసింగు సైకిలు. మూడవది, లావు టైర్లు, స్ప్రింగులతో చూపరులను ఆకర్షించు గేరు సైకిలు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ నిర్మించిన 'రోవర్' సైకిలులో వెనుక చక్రాన్ని చైను తిప్పేది. ఈ మూడు తరగతులూ ఆ ఏర్పాటునుండి పుట్టినవే. 1888లో డన్‌లప్ గాలి టైరును తెచ్చిన పిమ్మట సైకిలు ప్రయాణం సుఖవంతమైనది. మూలం ఒకటే అయినప్పుడు ఎంపికకు ఆధారం ఏది? మా సమాధానం ఇది: సైకిలు మన శరీరానికి సరిపోవలెను, మన బాటకు తగవలెను, మన ఊరి మేస్త్రీ చేతికి లొంగవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినా ఎంత వెల పెట్టినా ప్రయోజనం లేదు.

శరీరానికి తగిన కొలత

చెప్పులు కొనునప్పుడు పాదం కొలుచుకొంటాము. సైకిలు కొనునప్పుడు మాత్రం రంగు చూస్తాము. ఇది వింతయే. చెప్పులు లేకుండ గోడకు ఆనుకొని నిలబడి, రెండు కాళ్ళ నడుమ ఒక పుస్తకాన్ని నిటారుగా పైవరకు జరిపి, నేలనుండి పుస్తకం పైఅంచు వరకు కొలువవలెను. అది మన కాలి కొలత. దానిని 0.88 చేత గుణించినచో క్రాంకు ఇరుసు మధ్యనుండి సీటు పైభాగం వరకు ఉండవలసిన దూరం వస్తుంది. కాలి కొలత 80 సెంటీమీటర్లు అయినచో సీటు ఎత్తు 70 సెంటీమీటర్లకు కొంచెం పైన. కొలుచు సాధనం లేనప్పుడు మరొక పరీక్ష కలదు. సీటుపై కూర్చుండి, పెడలును పూర్తిగా క్రిందికి తెచ్చి, దానిపై మడమ ఉంచవలెను. మోకాలు నిటారుగా సాగినచో ఎత్తు సరియైనది. సీటు మరీ తగ్గినచో మోకాలి ముందుభాగం నొప్పి పెడుతుంది.

స్టాండర్డు సైకిళ్ళు సామాన్యంగా 22, 24 అంగుళాల ఫ్రేములలో దొరకుతాయి. సైకిలుపై కాళ్ళు ఇరువైపుల ఉంచి నిలిచినప్పుడు పై గొట్టానికీ శరీరానికీ మధ్య ఒకటి రెండు అంగుళాల ఖాళీ ఉండవలెను. "పెరిగే పిల్లవాడు కదా" అని పెద్ద ఫ్రేము కొనుట ప్రమాదకరం. రోడ్డుపై ఒక్కసారిగా ఆగవలసి వచ్చినప్పుడు కాలు నేలకు అందదు. విద్యార్థినులు పై గొట్టం క్రిందికి వంగిన లేడీసు ఫ్రేమును, చైనుకు పూర్తి కవరును, వెనుక చక్రానికి వలను అడిగి తీసుకొనవలెను. ఓణీ గాని, బురఖా గాని చక్రంలో చిక్కకుండ ఆ వల కాపాడుతుంది.

బాటకు తగిన చక్రం

మన పడమటి ప్రాంతంలో దారి ప్రక్క సర్కారు తుమ్మ ముల్లు, నేలపై పల్లేరు కాయ, ఊరిలోనికి మలుపు తిరుగగానే కంకర. అతి సన్నని రేసింగు టైరు ఈ బాటలో నిలువదు. వంపు హ్యాండిలు సైకిలే కావలెనన్నవారు కనీసం 28, వీలైనచో 32 మిల్లీమీటర్ల వెడల్పు టైరు పట్టు ఫ్రేమును ఎంచుకొనవలెను. గాలి తక్కువైనచో గుంతలో ట్యూబు రిమ్ముకూ రాతికీ నడుమ నలిగి పగులుతుంది. ఎంత గాలి ఉండవలెనో టైరు ప్రక్కభాగంపైననే అచ్చువేసి ఉంటుంది.

అక్కడనే మరొక అంకె ఉంటుంది. దానిని చాలమంది చదువరు. స్టాండర్డు సైకిలు 28 × 1½ టైరుపై 40-635 అని, రేసింగు టైరుపై 28-622 అని కనిపిస్తుంది. రెండవ అంకె టైరు కూర్చుండు రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో. చూపుకు ఈ రెండు చక్రాలు సమానంగా తోచినా ఒకదాని టైరు మరొకదానికి పట్టదు. 26 అంగుళాల పేరుతో కూడ 590, 559 అని రెండు వేరు కొలతలు కలవు. కొనబోవు సైకిలు టైరు అంకెను కాగితంపై వ్రాసికొని, ఆ టైరు, ట్యూబు మీకు దగ్గరి ఊరి అంగడిలో ఉన్నవో లేవో ముందుగా విచారించుడు. లేనిచో ఒక్క పంక్చరుకై పట్టణం వరకు పోవలసివస్తుంది.

బ్రేకుల విషయం కూడ మరువరాదు. సైకిలును ఆపు బలంలో అధికభాగం ముందు బ్రేకుదే. వానలో ఉక్కు రిమ్ముపై బ్రేకు జారుతుంది. అల్యూమినియం రిమ్ము అంతకంటె మేలు.

గేర్ల లెక్క

ఇది మార్కాపురం పలకపై వేయదగిన చిన్న లెక్క. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నవనుకొందము. పెడలు ఒక చుట్టు తిరిగినచో వెనుక చక్రం 44/18, అనగా సుమారు 2.44 చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. కనుక ఒక తొక్కుడుకు సైకిలు 5.4 మీటర్లు సాగుతుంది. వెనుక 20 పళ్ళ ఫ్రీవీలు వేయించినచో అదే తొక్కుడుకు 4.8 మీటర్లు మాత్రమే సాగుతుంది. వేగం కొంత తగ్గినా ఎదురుగాలిలో, చిన్న ఎక్కుడులో కాలికి శ్రమ తగ్గుతుంది. సమతల మార్గాన పోవు విద్యార్థికి ఈ చిన్న మార్పు చాలును.

గిద్దలూరు నుండి నంద్యాల వైపు, దోర్నాల నుండి శ్రీశైలం వైపు నల్లమల ఘాట్లు ఎక్కదలచినవారికి గేర్లు అవసరమే. కాని చవకరకం గేరు సైకిళ్ళలోని స్ప్రింగులు బరువును పెంచి, తొక్కిన బలంలో కొంతభాగాన్ని తామే మ్రింగుతాయి. గేర్లు కావలసినవారు స్ప్రింగులు లేని సైకిలును ఎంచుకొనుట ఉత్తమం.

దూరప్రయాణ క్రీడపై మక్కువ గలవారికి ఒక మాట. ఫ్రాన్సులో 1891లో ఆరంభమైన పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్రలో 1200 కిలోమీటర్లను 90 గంటలలోపు పూర్తిచేయవలెను. ఆ సంప్రదాయాన్ని అనుసరించి మన దేశంలో కూడ 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో ముగించు పరీక్షలు జరుగుతున్నవి. గంటకు 15 కిలోమీటర్లయినను రాని ఈ వేగానికి కావలసినది ఖరీదైన సైకిలు కాదు. సరియైన కొలత, చెడని చక్రాలు, సాధన.

మేస్త్రీ చేతికి లొంగునది

పేరు చూచి కొనవచ్చునా అని విద్యార్థులు అడుగుతారు. 1956లో లూధియానాలో హీరో సైకిల్సు సంస్థ ఏర్పడినది. 1951లో సోనీపట్‌లో పుట్టిన అట్లాస్ సంస్థ ఒకప్పుడు దేశమంతట పేరుగాంచినది. సాహిబాబాద్‌లోని దాని కర్మాగారం 2020 జూన్ 3న మూతపడినది. ఐక్యరాజ్యసమితి 2018లో ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించిన రోజు కూడ అదే! కర్మాగారం మూతపడినంత మాత్రాన పల్లెలోని అట్లాస్ సైకిలు ఆగిపోలేదు. దాని చైను, టైరు, కాటరు పిన్ను, ఇరుసు గుండ్లు అన్నీ సామాన్య కొలతలే గనుక ఏ మేస్త్రీ అయినను బాగుచేయగలడు. ఉక్కు ఫ్రేము పగిలినచో ఊరి వెల్డింగు షాపులో అతుకవచ్చును. అల్యూమినియం ఆ పనికి సులభంగా లొంగదు. కావున కొనుటకు ముందు మేస్త్రీని అడుగుట, అమ్మువానిని అడుగుటకంటె శ్రేయస్కరం.

పాత సైకిలు పరీక్ష

ధనం తక్కువైనప్పుడు మంచి పాత సైకిలు, నాసిరకం కొత్త సైకిలుకంటె మేలు. కాని పరీక్ష తప్పదు. హ్యాండిలు క్రింది అతుకులవద్ద రంగు పగిలి చీలిక కనిపించినచో వదలివేయవలెను. చక్రాన్ని ఎత్తి త్రిప్పినప్పుడు రిమ్ము అటునిటు ఊగరాదు. చువ్వలన్నీ ఇంచుమించు ఒకే బిగువులో ఉండవలెను. చైనులో పిన్నుకూ పిన్నుకూ నడుమ దూరం సరిగా అర అంగుళం. కనుక కొత్త చైనులో 24 లంకెలు 12 అంగుళాలు. స్కేలు పెట్టి చూచినప్పుడు అంగుళంలో ఎనిమిదవ వంతు పెరిగి ఉన్నచో చైనే కాక పళ్ళచక్రాలు కూడ అరిగినవని భావింపవచ్చును. ఆ ఖర్చును బేరంలో తగ్గించి అడుగవలెను. ఫ్రేముపై ముద్రించిన నంబరును పాత రశీదుతో సరిచూచుకొనక డబ్బు ఇవ్వరాదు.

ధన విభజన

"కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ" అను సామెత సైకిలు విషయంలో అక్షరాల నిజం. చేతిలో ఉన్న సొమ్మంతా సైకిలుకే పెట్టినచో మరునాడు పంపుకు దిక్కుండదు. మీవద్ద 8,000 రూపాయలు ఉన్నవనుకొనుడు. సైకిలుకు 6,000 మించరాదు. మిగిలిన 2,000 హెల్మెటు, ముందువెనుకల దీపాలు, తాళం, పంపు, ఒక అదనపు ట్యూబు, తొలి నెల పిదప చేయించు బిగింపులకు ఉంచవలెను. ఆ మొత్తంలో కొత్త సైకిలు కుదరనప్పుడు పాతదానిని చూడవలెను గాని వడ్డీకి అప్పు తేరాదు. "చాదర్ దేఖ్‌కర్ పావ్ ఫైలావో" అని మన ఇండ్లలో పెద్దలు చెప్పుమాట ఇందుకే. దుప్పటి ఎంతో కాళ్ళు అంతే చాపవలెను.

యాజమాన్య సంఘానికి విన్నపం

సైకిలు చదువును నిలుపగలదనుటకు నిదర్శనాలు కలవు. 1990 దశాబ్దం ఆరంభంలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చి, దానిని స్వేచ్ఛకు గుర్తుగా చేసికొన్నారు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు పథకాన్ని ప్రవేశపెట్టిన తరువాత ఉన్నత పాఠశాలకు దూరమైన గ్రామాలలో బాలికల చేరిక పెరిగినదని ఆర్థికవేత్తలు నిరూపించినారు. ఆడపిల్ల చదువును ఆపునది ఎల్లప్పుడూ తల్లిదండ్రుల అభీష్టమే కాదు. చాలసార్లు మధ్యనున్న దూరమే.

కావున యాజమాన్య సంఘంవారికి మా విన్నపం రెండు మాటలలో ఉన్నది. ఖర్జె హసనా పద్ధతిని, అనగా వడ్డీ లేని చేబదులు రూపంలో, ఒక చిన్న సైకిలు నిధిని నెలకొల్పవలెను. ఒక విద్యార్థి నెలనెల తీర్చిన సొమ్ము మరొకరి సైకిలుగా మారుతుంది. రెండవది, కళాశాల సైకిలు స్టాండులో ఒక మంచి పంపు, పానాలు, పంక్చరు సామగ్రి ఉంచవలెను. విద్యార్థులకు మా మాట ఒకటే: అంగడికి పోవుటకు ముందు కాలి కొలతను, టైరు అంకెను, చేతిలోని సొమ్మును ఒక కాగితంపై వ్రాసికొనుడు. ఆ కాగితం మీ జేబులో ఉన్నంతవరకు రంగులు మిమ్ములను మోసగింపలేవు.