సంచి మీది చీటీ: లెక్కల ప్రోగ్రాంలో రకాన్ని తేల్చుకోవడం



మీరు రసీదులో 'జకాత్' అని రాయించిన రూపాయి, 'సదఖా' అని రాయించిన రూపాయి చూడటానికి ఒకటే. లెక్కలో మాత్రం ఒకటి కాదు. జకాత్ దాని హక్కుదారులకే చేరాలి. సదఖాను భవన మరమ్మతుకూ, మంచినీళ్ల ట్యాంకుకూ వాడుకోవచ్చు. ఇన్నాళ్లూ చేతి పుస్తకంలో వేర్వేరు గడులు గీసి ఈ తేడాను కాపాడుకుంటూ వచ్చాం. లెక్కలను కంప్యూటర్‌లోకి మార్చడం మొదలుపెట్టాక, ఈ తేడాను యంత్రానికి ఎలా నేర్పాలన్న ప్రశ్న ఎదురైంది. మేము నేర్చుకున్నదే ఈ పాఠం. కంప్యూటర్ తెలియనివారికీ అర్థమయ్యేలా రాశాం. ఇంట్లో ప్రోగ్రామింగ్ చదువుతున్న పిల్లలుంటే వారి చేత కూడా చదివించండి.

పొరపాటు ఎలా దొర్లింది

మా ప్రోగ్రాంను పీహెచ్‌పీ భాషలో రాశాం. విరాళాలు ఉంచడానికి 'సంచి' అనే క్లాసు ఒకటి పెట్టుకున్నాం. అది చేసే పనులు మూడే: రసీదును లోపల వేసుకోవడం, మొత్తం చెప్పడం, రెండు సంచులను కలపడం.

వాడకంలో పెట్టేముందు పాత రసీదులతో సరిచూశాం. మొత్తం పైసాతో సహా సరిపోయింది. అందరం సంతోషించాం. తర్వాత చేతి పుస్తకంతో గడికి గడి పోల్చి చూస్తే, మరమ్మతు ఖర్చులో కొంత జకాత్ నుంచి తీసినట్టు తేలింది. మరమ్మతు పద్దు రాసిన చోట మేమే పొరపాటున జకాత్ సంచిని అందించాం. ప్రోగ్రాం ఆగలేదు, హెచ్చరించలేదు. ఎందుకంటే ఆ పద్దు అడిగింది ఒక సంచిని, మేము ఇచ్చిందీ సంచినే. లోపల ఏముందని పీహెచ్‌పీ అడగదు.

అసలు డబ్బు కదలకముందే దొరికింది గనుక నష్టం జరగలేదు. కానీ మీరు మాకు అప్పగించినది అమానత్. మొత్తం సరిపోతే చాలదు, ఏ సొమ్ము ఎటు పోయిందో కూడా సరిపోవాలి.

ఒకే సంచి, వేర్వేరు చీటీలు

'జకాత్ సంచి' అని ఒక క్లాసు, 'సదఖా సంచి' అని మరొక క్లాసు రాస్తే సరిపోదా? సరిపోతుంది. కానీ రేపు ఫిత్రా సంచి, ఎల్లుండి స్కాలర్‌షిప్ సంచి కావాలి. ఒకే పనిని నాలుగుసార్లు రాయాలి. ఒకదానిలో తప్పు దిద్దితే మిగతా మూడింటిలోనూ గుర్తుపెట్టుకుని దిద్దాలి.

దీనికి పరిష్కారం జెనరిక్ రకం. సంచిని ఒక్కసారే రాస్తాం. లోపలి వస్తువు రకం రాయాల్సిన చోట ఫారంలో ఖాళీ గీత వదిలినట్టు 'టి' అనే అక్షరం పెడతాం: సంచి<టి>. వాడేటప్పుడు ఆ ఖాళీ నిండుతుంది: సంచి<జకాత్>, సంచి<సదఖా>. సంచి ఒకటే, మీది చీటీ వేరు.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఎడిన్‌బరాలో ఎంఎల్ అనే భాషను రూపొందించిన రాబిన్ మిల్నర్, మనిషి రాయకపోయినా రకాన్ని యంత్రమే తేల్చుకునే పద్ధతిని 1978లో ప్రకటించారు. తర్కశాస్త్రం వైపు నుంచి రోజర్ హిండ్లీ 1969లోనే అలాంటి ఫలితాన్ని చేరుకున్నారు. జావా భాషలోకి జెనరిక్స్ 2004లో వచ్చాయి. పీహెచ్‌పీ భాషలో మాత్రం ఈ సౌకర్యం లేదు. అందుకే బయటి సాధనం ఒకటి కావలసి వచ్చింది.

ఆ సాధనం పేరు పీహెచ్‌పీస్టాన్. చెక్ దేశీయుడు ఓండ్రేయ్ మిర్తెస్ దీన్ని 2016లో విడుదల చేశారు. జెనరిక్స్ 2019 డిసెంబరులో దీనిలో చేరాయి. ఇది ఉచితం. ప్రోగ్రాంను నడపకుండానే, రాసిన పాఠాన్ని మాత్రమే చదివి తప్పులు పడుతుంది. ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా ఖాతా పుస్తకం చదివి లోపం చెప్పే ఆడిటర్ లాంటిది. చీటీలను మనం ప్రోగ్రాంలోని వ్యాఖ్యల్లో రాస్తాం. పీహెచ్‌పీ వాటిని పట్టించుకోదు, ఈ సాధనం చదువుతుంది.

సాధనం ఎలా తేల్చుకుంటుంది

ప్రతి వరుసలోనూ చీటీ రాయనక్కర లేదు. సంచి క్లాసు పైన ఒక్కసారి ఇలా రాశాం: "ఈ సంచికి టి అనే రకం ఉంది. తెరిచేటప్పుడు వేసే మొదటి రసీదు టి రకానిది."

ఇప్పుడు ఒక చోట జకాత్ రసీదుతో కొత్త సంచి తెరిచామనుకోండి. సాధనం రెండు విషయాలు పక్కపక్కన పెట్టి చూస్తుంది. అడిగినది టి, ఇచ్చినది జకాత్. కాబట్టి ఇక్కడ టి అంటే జకాత్, ఈ సంచి సంచి<జకాత్>. తర్వాత ఆ సంచిలోంచి రసీదు బయటికి తీస్తే అది జకాత్ రసీదేనని దానికి తెలుసు. మేము మళ్లీ చెప్పలేదు, అదే తేల్చుకుంది. దీన్నే టైప్ ఇన్‌ఫరెన్స్ అంటారు.

మరమ్మతు పద్దు దగ్గర "నాకు సంచి<సదఖా> కావాలి" అని రాశాం. సాధనాన్ని నడపగానే మా పాత పొరపాటు ఉన్న వరుస నంబరుతో సహా బయటపడింది: అడిగింది సంచి<సదఖా>, ఇచ్చింది సంచి<జకాత్>. చేతి పుస్తకంతో గడి గడీ పోల్చి పట్టుకున్న తప్పును ఇది ప్రోగ్రాం నడవకముందే చెప్పింది.

కలపడం దగ్గర ఇంకో సంగతి తెలిసింది. "సంచి<టి>, సంచి<టి> ఇస్తే సంచి<టి> వస్తుంది" అని రాశాం. రెండు చోట్లా ఒకే టి. ఒక వైపు జకాత్, మరో వైపు సదఖా ఇచ్చి చూశాం. టి అంటే 'జకాత్ లేదా సదఖా' అయి ఉండాలని సాధనం తేల్చి, అలాంటి మిశ్రమ సంచి మా చేతిలో లేదని తిప్పికొట్టింది.

పెద్ద చీటీ ఎందుకు చెల్లదు

జకాత్ కూడా విరాళమే కదా, సంచి<విరాళం> అడిగిన చోట సంచి<జకాత్> ఇస్తే తప్పేమిటి అని మాలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. సంచి<విరాళం> తీసుకున్న పద్దు అందులో ఏ విరాళమైనా వేయవచ్చు, సదఖా రసీదు కూడా. పని ముగిసి సంచి తిరిగి వచ్చేసరికి మీద జకాత్ చీటీ, లోపల సదఖా ఉంటాయి. అందుకే వస్తువులు వేయగల సంచికి చీటీ అక్షరాలా సరిపోవాలి. చదవడానికి మాత్రమే వాడే సంచికైతే సడలింపు ఇవ్వవచ్చు. ఆ సంగతిని విడిగా రాసి చెప్పాలి.

తేల్చలేని చోట

రసీదు ఏదీ వేయకుండా ఖాళీ సంచి తెరిస్తే సాధనానికి ఆధారం దొరకదు. అక్కడ చీటీ మనమే రాయాలి. ఉత్త 'సంచి' అని రాసి వదిలేస్తే, తనిఖీ స్థాయిని ఆరు లేదా అంతకు పైన పెట్టినప్పుడు "ఏ రకమో చెప్పలేదు" అని అడుగుతుంది. కింది స్థాయిల్లో ఊరుకుంటుంది. మేము ఆరులో పెట్టుకున్నాం.

ఇంకొక పరిమితి ఉంది. మనిషి రాసిన చీటీని సాధనం నమ్ముతుంది. సదఖా సంచి మీద జకాత్ అని మనమే రాస్తే, అది ఆ అబద్ధాన్నే చివరిదాకా జాగ్రత్తగా మోస్తుంది.

దాతలకు మనవి

ఈ తేల్చుకోవడమంతా ఒక్క చోట మొదలవుతుంది, రసీదు కౌంటరు దగ్గర. అక్కడ మీరు చెప్పిన మాటే మొదటి చీటీ. దాని నుంచే ప్రోగ్రాంలోని ప్రతి సంచి తన రకాన్ని తేల్చుకుంటుంది. కాబట్టి డబ్బు ఇచ్చేటప్పుడు అది ఏ ఖాతాకో తప్పక చెప్పండి, రసీదులో అదే పడిందో లేదో చూసుకోండి. మీరు చెప్పకపోతే మేము అడుగుతాం. ఆ తర్వాత చీటీ మారకుండా చూసే బాధ్యత మాది.