వైరస్‌కో దారి, మనకో గడువు

హైదరాబాద్ నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో, రెడ్‌హిల్స్‌లో 1953 నుంచి ఉన్న నిలోఫర్ ఆసుపత్రిలో పిల్లల వార్డు నర్సుగా చేసి రిటైరయ్యాను. వార్డులో చూసిందీ, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు కొన్న పాత మైక్రోబయాలజీ పుస్తకాల్లో చదివిందీ కలిపి, చిన్నపిల్లలున్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను.

1. జలుబుకు యాంటీబయాటిక్ అడగకండి, అది వైరస్ వల్ల వచ్చేది. కణం బయట ఉన్నంతసేపు వైరస్ ఏ పనీ చేయలేదు. తనకు సరిపడే ప్రోటీన్ కణం మీద దొరికితే అతుక్కుని లోపలికి వెళ్తుంది. ఆపైన మన రైబోజోములే దాని ప్రోటీన్లు తయారుచేస్తాయి. యాంటీబయాటిక్ దెబ్బతీసేది ఎక్కువగా బాక్టీరియా గోడనో, బాక్టీరియా రైబోజోములనో. వైరస్‌కు ఆ రెండూ లేవు.

2. కుక్క కరిస్తే ఆ రోజే కదలాలి. రేబిస్ వైరస్ ముందు గాయం దగ్గరి కండలో ఉంటుంది. అక్కడ నరం కొసను పట్టుకుని, నరం లోపలి నుంచే మెదడు వైపు పోతుంది. లక్షణాలు కనబడటానికి సాధారణంగా నెల నుంచి మూడు నెలలు పడుతుంది. కనబడ్డాక మాత్రం దాదాపు ఎవరూ బతకరు. అంటే మనకున్న గడువంతా అది దారిలో ఉన్నప్పుడే. దాని పైపొర కొవ్వుతో చేసింది, సబ్బు ఆ పొరను చీలుస్తుంది. అందుకే పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు సబ్బుతో కడగమంటారు. టీకాతో మన ఒంట్లో యాంటీబాడీలు తయారవడానికి వారం పైనే పడుతుంది. ఈలోపు కాపాడటానికే రక్తం వచ్చిన గాయంలో ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తారు. బొడ్డు చుట్టూ పొడుస్తారని భయపడి రానివాళ్లు ఇంకా ఉన్నారు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకా 2004 చివర్లోనే మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు సూది జబ్బకే, పసివాళ్లకైతే తొడకు. మన వైపు వాళ్లకు ఈ టీకా వేసే నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం) దగ్గరే.

3. జ్వరంతో ఫిట్స్ వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు వచ్చిన 329 మంది పిల్లల్లో 183 మంది పోయారు. ఆ సంఖ్య గుర్తొస్తే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కారణం చాందీపురా వైరస్ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది. 1965లో నాగపూర్ దగ్గర తొలిసారి దొరికిన ఈ వైరస్‌ను ఇసుక ఈగలు మోస్తాయి. ఇదీ రేబిస్ కుటుంబమే, ఆకారమూ తూటాలాంటిదే. దీని ఆర్‌ఎన్‌ఏను మన కణం నేరుగా చదవలేదు, అందుకని నకలు తీసే ఎంజైమును వెంట తెచ్చుకుంటుంది. రేబిస్ నెలల గడువిస్తే, ఇది లక్షణాలు మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలదు.

4. విరేచనాలకు ఓఆర్‌ఎస్ ఆపొద్దు. రోటావైరస్ చిన్నపేగు లోపలి నూగు కొసల్లోని కణాలను చంపేస్తుంది, దాంతో పేగు నీళ్లు పీల్చుకోలేదు. కొత్త కణాలు కొన్ని రోజుల్లో పుట్టుకొస్తాయి. అప్పటిదాకా మిగిలిన కణాలు ఉప్పునూ గ్లూకోజునూ కలిపి లోపలికి తీసుకుంటాయి, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. ఓఆర్‌ఎస్ పనిచేసే తీరు ఇదే. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసిన రోటావాక్ చుక్కలు 2015లో విడుదలయ్యాయి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేయించండి.

5. కొన్ని వైరస్‌లు వచ్చాక పోవు. ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ నరాల ముడుల్లో ఉండిపోయి పెద్దతనంలో సర్పిగా లేస్తుంది. హెపటైటిస్ బి డీఎన్‌ఏ కాలేయ కణాల కేంద్రకంలో తిష్ఠ వేస్తుంది. పుట్టుకతో సోకిన పిల్లల్లో నూటికి తొంభై మందికి అది జీవితాంతం ఉంటుంది. కాబట్టి పుట్టిన 24 గంటల్లో హెపటైటిస్ బి టీకా మొదటి డోసు పడాలి.

6. డెంగీలో జ్వరం దిగగానే సంబరపడకండి. అప్పటికి రక్తంలో వైరస్ తగ్గుతుంటుంది. కానీ దానిపై మన ఒళ్లు చేసిన పోరాటం వల్ల సన్న రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారడం సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేయకండి. జ్వరం తగ్గాక రెండు రోజులపాటు కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడిన చేతులు, తగ్గిన మూత్రం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.