దిగేముందు ఆగాలి

ఇనుము తుప్పు పట్టడం సైన్సులో చదివాం కదా! మూసివున్న ఓడ ట్యాంకులో తుప్పు ఆక్సిజన్‌ని తినేస్తుంది. మామూలు గాలిలో అది 21 శాతం. బాగా తగ్గితే దిగినవాడు పడిపోతాడు. కాపాడబోయినవాడూ పడిపోతాడు. అందుకే 2015 నుంచి ఓడల్లో రెండు నెలలకోసారి దీనికి అభ్యాసం చెయ్యాలని నియమం.

ఇప్పుడు కొన్నిచోట్ల వర్చువల్ రియాలిటీ కళ్ళద్దాలు పెట్టి నేర్పుతున్నారు. ట్యాంకులో స్నేహితుడు పడివున్నట్టు కనిపిస్తుంది. ఆత్రంగా దిగితే తప్పు. ముందు కేకెయ్యాలి, మీటరుతో గాలి చూడాలి, గాలి సిలిండరు తగిలించుకోవాలి. అక్కడ తప్పు చేసినా ప్రాణం పోదు, మళ్ళీ చెయ్యొచ్చు.

పాత నూతిలోనూ గాలి చెడిపోతుంది. మా ఊళ్ళో మేక కోసం చిన్నాన్న దిగాడు. ఆయన కోసం అన్నయ్య దిగాడు. ఇద్దరూ పైకి రాలేదు. వాళ్ళకి ఎవ్వరూ చెప్పలేదు. సెలవులకి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో చెప్పండి.