చాలు చివరిదాకా: ఆలిస్ పాల్ పుట్టిన ఇల్లు

పిల్లలూ! ఈ పాఠం మీ కోసం. చివర ఉన్న పనుల్లో ఒకటి మాత్రం మీ అమ్మానాన్నల కోసం.

న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద నాలుగో ఎగ్జిట్ దగ్గర మౌంట్ లారెల్ అనే ఊరు వస్తుంది. అక్కడ హూటన్ రోడ్డులో 1800 ప్రాంతంలో కట్టిన రెండంతస్తుల పొలం ఇల్లు ఒకటుంది. పేరు పాల్స్‌డేల్. మా పెద్ద పిల్లల తరగతిని ఈ ఏడు అక్కడికి తీసుకువెళ్ళాం. పెద్ద వరండా, చుట్టూ పచ్చిక. ఒకప్పటి పొలంలో కొద్ది ఎకరాలే మిగిలాయి. 1990లో ఆలిస్ పాల్ పేరున ఏర్పడిన సంస్థ ఈ ఇంటిని కొని కాపాడింది. 1991లో దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు.

ఎవరీ ఆలిస్ పాల్?

1885 జనవరి 11న ఆమె ఈ ఇంట్లోనే పుట్టారు. నలుగురు పిల్లల్లో పెద్దమ్మాయి. వాళ్ళది క్వేకర్ కుటుంబం. ఆడామగా సమానమని నమ్మే మతశాఖ అది. ఆ రోజుల్లో న్యూజెర్సీలో ఆడవాళ్ళకు ఓటు లేదు. ఓటు కోసం జరిగే సభలకు తల్లి టేసీ ఆలిస్‌ను వెంట తీసుకువెళ్ళేవారు. నాగలి పట్టినవాళ్ళు చాలు చివరిదాకా పోకుండా వదలకూడదని తల్లి చెప్పేదని ఆలిస్ పెద్దయ్యాక గుర్తు చేసుకున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. "చాలు" అంటే "ఇంక వద్దు" అని మీకందరికీ తెలుసు. అన్నం వడ్డిస్తుంటే రోజూ అనే మాటే కదా! కానీ నాగలితో దున్నినప్పుడు నేలలో పడే గీతను కూడా "చాలు" అంటారు. ఆలిస్ పాల్ రెండో చాలు పట్టుకున్నారు, మొదటి చాలు అనలేదు.

ఆమె ఏం చేశారు?

చదువు కోసం ఇంగ్లండు వెళ్ళి, అక్కడి ఓటు ఉద్యమంలో చేరి 1909లో లండన్ హాలోవే జైలు చూశారు. తిరిగివచ్చి 1913 మార్చి 3న, విల్సన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేయడానికి ముందురోజు, వాషింగ్టన్‌లో వేలమంది స్త్రీలతో ఊరేగింపు జరిపారు. 1917 జనవరి నుంచి ఆమె బృందం వైట్‌హౌస్ గేటు ముందు బ్యానర్లు పట్టుకుని మౌనంగా నిలబడింది. ట్రాఫిక్‌కు అడ్డమని అరెస్టులు చేశారు. ఆలిస్‌కు ఏడు నెలల శిక్ష పడింది. నిరాహారదీక్ష చేస్తే గొట్టం పెట్టి బలవంతంగా ఆహారం ఎక్కించారు.

1919లో కాంగ్రెస్ సవరణను ఆమోదించింది. 36 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. ఒక్కో రాష్ట్రం ఒప్పుకున్నప్పుడల్లా ఆలిస్ జెండాకు ఒక నక్షత్రం కుట్టేవారు. 1920 ఆగస్టు 18న టెనెసీతో 36వ నక్షత్రం పడింది. ఆమె అక్కడా ఆగలేదు. 1977లో కన్నుమూసేదాకా స్త్రీల సమాన హక్కుల సవరణ కోసం పనిచేశారు.

మనకేమిటి సంబంధం?

1920లో అందరికీ ఓటు రాలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి స్త్రీలలో చాలామంది 1965 చట్టం దాకా ఆగవలసి వచ్చింది. భారతీయులు పౌరసత్వానికే అర్హులు కారని 1923లో ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1946లో చట్టం మారింది. మన చేతికి వచ్చిన ఓటు వెనుక ఇన్ని చాళ్ళున్నాయి.

మరో సంగతి. 1910లో అదే హాలోవే జైల్లో ఉన్న ఐరిష్ మహిళ మార్గరెట్ కజిన్స్ తర్వాత మన మదనపల్లెకు వచ్చి, భారత స్త్రీల ఓటు కోసం పనిచేశారు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో ఒక పాప అడిగింది: "ఆంటీ, మీరు లాస్ట్ టైమ్ ఓటు వేశారా?" పిల్లలకు తోడుగా వచ్చిన ఆ తల్లి కాసేపు మాట్లాడలేదు. "సిటిజన్‌షిప్ వచ్చి నాలుగేళ్ళయిందమ్మా. రిజిస్టర్ చేసుకోవడమే కుదరలేదు" అన్నారు. మేమెవరం నవ్వలేదు. డ్రైవింగ్ సీట్లో ఉన్న మాతో సహా, మాలో ఇద్దరు ముగ్గురిదీ అదే పరిస్థితి. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి తేదీలు లెక్కపెట్టుకున్నవాళ్ళం, ఒక్క ఫారం నింపడానికి తీరిక లేదన్నాం! ఆ వారమే అందరం నింపాం.

కొత్త మాటలు

చాలు: నాగలి గీత. ఎక్కువైతే చాళ్ళు.
సవరణ: రాజ్యాంగంలో చేసే మార్పు.
నిరాహారదీక్ష: న్యాయం కోరుతూ తిండి మానడం.

ఇంటిపని

1. అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి, మొదటిసారి ఓటు ఎక్కడ, ఎప్పుడు వేశారో అడగండి. అయిదు వాక్యాలు తెలుగులో రాయండి.
2. "చాలు"ను రెండు అర్థాల్లోనూ వాడి రెండు వాక్యాలు రాయండి.
3. పెద్దలకు: సిటిజన్‌షిప్ వచ్చినవారు మాత్రమే ఓటుకు నమోదు కావాలి, గ్రీన్‌కార్డు ఉన్నవారు కాకూడదు. న్యూజెర్సీలో ఎన్నికకు 21 రోజుల ముందే ఆ పని ముగించాలి. మీది పూర్తయిందా? మీ పిల్లలు అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి.