మాంద్యంలోనూ ఆగని హక్కు

హైదరాబాదులోని ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట వీధులు సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులతో, విద్యార్థుల హాస్టళ్ళతో నిండి ఉంటాయి. ఉద్యోగాలు కరువైనప్పుడు ఫీజు కట్టలేని పేద విద్యార్థి చదువు మధ్యలోనే ఆగిపోతుంది. అతనికి సహాయం అవసరమయ్యేది అప్పుడే. దాతల చేయి ముడుచుకునేదీ అప్పుడే!

2008లో ఆర్థిక మాంద్యం ప్రపంచాన్ని కుదిపింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కల్లో మోసాన్ని ఒప్పుకున్నారు. 2005లో ఆయన ప్రారంభించిన 108 అంబులెన్సు సేవ ఖర్చులో అధిక భాగం ప్రభుత్వానిదే అయినా, దాని నిర్వహణకు మరో అండ వెతకవలసి వచ్చింది. ఆ ఏడాదే జి.వి.కె. సంస్థ ఆ బాధ్యత స్వీకరించింది. ఎంత మంచి సేవ అయినా ఒక్కరి కలిమిని నమ్ముకుంటే ఇదే చిక్కు.

ఇస్లాం ఈ భారాన్ని ఒక్కరిపై మోపలేదు. నిసాబ్‌కు చేరిన సంపదపై ఏడాది గడిస్తే, అందులో 40వ వంతు జకాత్. అది మన దయ కాదు, పేదల హక్కు. జీతం తగ్గినా నిసాబ్ మేరకు బంగారం ఇంట్లో ఉంటే ఆ హక్కు చెల్లించవలసిందే. ఉద్యోగం పోయి నిసాబ్ కూడా మిగలనివారిపై జకాత్ విధి కాదు. అవసరంలో ఉంటే వారే దానికి అర్హులు. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

కనుక సోదర సోదరీమణులారా! ఈసారి జకాత్ లెక్క వేసేటప్పుడు, ఫీజు బాకీతో నోరు విప్పలేక మౌనంగా ఉన్న అర్హుడైన విద్యార్థిని మనమే వెతుకుదాం. అతను మన గడప తొక్కే వరకు ఆగవద్దు.