పేనుకొరుకుడుకు ఉల్లిరసం పనిచేస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. తలలో రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడి నున్నగా అయింది. ఉల్లిపాయ రుద్దమని పక్కింటావిడ, గురివింద గింజ అరగదీసి పూయమని మా అత్తగారు అంటున్నారు. ఏది మంచిది?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: పేరులో పేను ఉన్నా ఈ సమస్యకు పేలు కారణం కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున జుట్టు కుదుళ్ల మీద దాడి చేస్తుంది.

ఉల్లిరసాన్ని నిజంగానే పరీక్షించారు. బాగ్దాద్ వైద్యులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో 23 మంది రోజుకు రెండుసార్లు ఉల్లిరసం రాసుకుంటే, 15 మంది కుళాయి నీళ్లు రాసుకున్నారు. ఆరు వారాలకు ఉల్లిరసం వాళ్లలో 20 మందికి జుట్టు మొలిచింది. నీళ్ల వాళ్లలో రెండు నెలలకు కూడా ఇద్దరికే. ఆశ కలిగించే అంకెలే. కానీ పరీక్ష చిన్నది, పైగా ఎవరు ఏది రాసుకున్నారో వాసనే చెప్పేస్తుంది. చిన్న మచ్చలు చాలామందిలో ఏడాదిలోపు వాటంతటవే పూడుకుంటాయి కూడా.

గురివింద మాత్రం వద్దే వద్దు. ఆ గింజలో అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంది. గట్టి పెంకు ఉన్నంతసేపు లోపలే ఉంటుంది, అరగదీస్తే బయటికొస్తుంది. పిల్లవాడు తల గోక్కున్న చేతిని నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

మచ్చ మీద పొట్టు రాలుతూ దురద ఉంటే అది తామర కావచ్చు. దానికి ఉల్లి చాలదు, మాత్రలు మింగాలి. ముందు చర్మవైద్యుడికి చూపించడం అవసరం.

ప్రశ్న: డెంగీ తగ్గాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. మూడు నెలలు గుంటగలగర నూనె రాస్తే ఆగింది. అయినా రుజువు లేదంటారెందుకు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు జుట్టు ఊడటం మొదలై, సాధారణంగా ఆరు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. కాన్పు తర్వాత కూడా ఇంతే. బాగా ఊడుతున్నప్పుడే నూనె సీసా ఇంటికొస్తుంది, ఆగాక పేరు నూనెకు దక్కుతుంది. గుంటగలగర సారం రాసిన ఎలుకలకు వెంట్రుకలు త్వరగా మొలిచాయని మన దేశ పరిశోధకులు 2008లో ప్రచురించారు. జుట్టు పెరగడానికి తలకు రాసే మందు మినాక్సిడిల్‌కు మనుషుల్లో జరిగినన్ని పరీక్షలు మాత్రం దీనికి జరగలేదు. దురద, మంట లేకపోతే నూనె మానాల్సిన పనిలేదు.

ప్రశ్న: బట్టతలకు రోజ్‌మేరీ నూనె?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇరాన్‌లో 100 మందితో చేసిన పరీక్ష 2015లో వెలువడింది. సగం మందికి రోజ్‌మేరీ, సగం మందికి 2 శాతం మినాక్సిడిల్. మూడు నెలలకు ఎవరిలోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆరు నెలలకు రెండు గుంపుల్లోనూ వెంట్రుకల సంఖ్య పెరిగింది. మందు లేని ఉత్త నూనె రాసుకున్న మూడో గుంపు ఉండి ఉంటే ఫలితం మీద నమ్మకం పెరిగేది. వాడి చూడాలనుకుంటే మొదటి రోజే ఒక ఫోటో తీసి, ఆరు నెలలకు అదే వెలుతురులో ఇంకొకటి తీసి, రెండూ వైద్యుడికి చూపించండి.